మామా తప్పిపోయిన ఊరు

నా పేరు సుబ్బాయమ్మ అండి. మాది కోనసీమలో ముమ్మిడివరం పక్కన చిన్న ఊరు. తొమ్మిదేళ్ళుగా కువైట్‌లో, జహ్రాలో ఒక ఇంట్లో వంటమనిషిని. ఆ ఇంట్లో ఎవరికీ నా పేరు నోరు తిరగలేదు. రెండ్రోజులు తంటాలు పడి, మూడో రోజు నుంచి 'సబాహ్' అని పిలవడం మొదలెట్టేరు. అరబ్బీలో సబాహ్ అంటే ఉదయం అని. ఆ ఇంట్లో అందరికంటే ఆలస్యంగా లేచేది నేనే. పేరు పెట్టే ముందు కాస్త ఆగి చూడాల్సిందని తర్వాత వాళ్ళకీ అనిపించే ఉంటుంది.

ఇక్కడ ఇంటి యజమానురాల్ని మేం 'మామా' అంటాం. మన మామయ్య కాదండోయ్. పాతికేళ్ళ పిల్లయినా, ఎనభయ్యేళ్ళ ముసలావిడైనా, మనకి పని ఇచ్చే ఇంటావిడ మామాయే. మా మామాకి యాభై నాలుగు. ఆడపిల్లల బడిలో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి దిగిపోయింది. మనుషుల్ని వరసలో నిలబెట్టడం తప్ప ఇంకో సరదా తెలీని మనిషి. సుగరొచ్చింది, నడవండి అని డాక్టరు చెప్తే, నడక ముసలాళ్ళ పని అనేసి సైకిల్ కొనుక్కుంది.

ఆ సైకిల్ ఇంటికి తెచ్చిన రోజు నేను చుట్టూ తిరిగి చూసేను. హ్యాండిల్ పొట్టేలు కొమ్ముల్లా కిందకి వంకర తిరిగిపోయి ఉంది. స్టాండు లేదు, బెల్లు లేదు, మడ్‌గార్డు లేదు, వెనకాల క్యారేజీ లేదు. "మామా, కొట్టువాడు నిన్ను మోసం చేసేడు, సగం సామాను బిగించనేలేదు" అన్నాను. మామా నా వంక చూసిన చూపుకి, ఆవిడ బడిలో పిల్లలు ఎలా చదువుకున్నారో నాకు అర్థమైంది.

శుక్రవారం తెల్లవారుతూనే, ఎండెక్కక ముందే మామా తొక్కేది. వెనకాల డ్రైవర్ తౌఫిక్ జీపులో లైట్లు మిణుకుమనిపిస్తూ వచ్చేవాడు. ముందు సీట్లో ఖర్జూరాలు, నీళ్ళు, తడిగుడ్డ పట్టుకుని నేను. ఓ రోజు ఎదురుగాలికి ఆయాసపడి మామా దిగిపోయింది. మొహం కందగడ్డయిపోయింది. అప్పుడు నా నోరు ఊరుకోవచ్చు కదండీ?

"ఇదేం గాలి మామా! మా ఊళ్ళో సముద్రపుగాలికి ఎదురు తొక్కేదాన్ని. వెనకాల నా స్నేహితురాలు కళావతి కూడా కూర్చునేది. రొయ్యలు ఒలిచే షెడ్డుకి రోజూ అలాగే వెళ్ళొచ్చేవాళ్ళం" అన్నాను.

అబద్ధం కాదండి. కాకపోతే అప్పుడు నాకు పందొమ్మిదేళ్ళు, కళావతి అగరొత్తులా ఉండేది. ఈ రెండు ముక్కలూ అరబ్బీలో చెప్పడం నాకు చేతకాలేదు.

మామా విని, లోపల దాచుకుంది.

మొన్న మే నెలలో మామా, వాళ్ళ అన్నగారమ్మాయి దలాల్ స్పెయిన్ దేశం బయల్దేరేరు. పల్లెటూళ్ళ మధ్య, పొలాల మధ్య వారం రోజులు సైకిల్ తొక్కడానికి. అక్కడ పప్పులో కూడా పంది మాంసం ముక్క వేస్తారని మామాకి ఎవరో చెప్పేరు. దాంతో కరెంటు కుక్కరు, మసాలా డబ్బాలు, నేను కూడా సామాన్లలో చేరిపోయేం.

మా అమ్మాయి అరుణజ్యోతికి ఫోన్ చేసి స్పెయిన్ వెళ్తున్నానని చెప్తే, "అమ్మా, అది ఎటువైపుందో తెలుసా నీకు?" అంది.

"విమానం నడిపేవాడికి తెలుసుగా" అన్నాను.

విమానం దిగేక పిలార్ అనే ఆవిడ వ్యాన్ తీసుకొచ్చింది. సైకిళ్ళు రెండూ అందులో. పిలార్‌కి ఇంగ్లీషు వచ్చు, దలాల్‌కి ఇంగ్లీషు వచ్చు, మామాకి వచ్చు. నాకు వచ్చిన ఇంగ్లీషు ఓకే, నో ఓకే. పిలార్, నేనూ వారమంతా వాటితోనే నెట్టుకొచ్చేం, ఒక్క గొడవ రాలేదు.

మొదటి రోజు సుఖంగా గడిచింది. నేను వ్యాన్‌లో కిటికీ పక్కన కూర్చున్నాను. ఎటు చూసినా గోధుమ చేలు, గట్లు లేవు, హద్దురాళ్ళు లేవు, ఆకాశం దాకా ఒకటే మడి. మధ్య మధ్య ఎర్రటి అడవిపూలు. చేలో మనిషి కనపడడు. ఇంత పంట ఎవరు వేసేరో, ఎప్పుడు వచ్చి వేసి వెళ్ళిపోయేరో! ఊళ్ళు మాత్రం గుట్టల మీద నెత్తిన పెట్టుకున్న గంపల్లా ఉన్నాయి. ప్రతి ఊరికీ ఒక చర్చి గోపురం, దాని కొసన పుల్లల గూడు, గూట్లో కొంగ. ఆ కొంగని చూసి, మా కాలవగట్టు కొంగలకి ఇంత బతుకు తెలిస్తే అక్కడ ఉంటాయా అనుకున్నాను.

రెండో రోజు పొద్దున దలాల్ హోటల్ స్నానాలగదిలో జారి కాలు మడతపెట్టుకుంది. చీలమండ బూరెలా పొంగింది. ఎముక విరగలేదు గానీ, తొక్కడం ఖలాస్. ఒక సైకిల్ ఖాళీ అయిపోయింది. మామా ఒక్కత్తే తొక్కనంటుంది. టేబుల్ చుట్టూ అందర్నీ చూసింది. పిలార్ వ్యాన్ నడపాలి. దలాల్ కాలు కుర్చీ మీద ఉంది. నేను రొట్టె మీద జామ్ రాసుకుంటున్నాను.

"సబాహ్, సముద్రపుగాలికి తొక్కేదానివి కదూ?" అంది మామా. "యల్లా, పద!"

నాకు జామ్ గొంతులో అడ్డం పడింది. "మామా, నాకు నలభై ఏడు" అన్నాను.

"నాకు యాభై నాలుగు" అంది. హెడ్‌మిస్ట్రెస్‌తో లెక్కలకి దిగకూడదండి.

దలాల్ తన సైకిల్ నిక్కరు ఇచ్చింది. లోపల పసిపిల్లలకి కట్టే గుడ్డలా దళసరి మెత్త కుట్టి ఉంది. నలభై ఏడేళ్ళకి మళ్ళీ ఆ భోగం పట్టింది నాకు. దాని మీద నా గులాబీరంగు పంజాబీ డ్రెస్సు వేసుకుని, చున్నీ నడుంకి బిగించి కట్టి, నెత్తిన హెల్మెట్ పెట్టుకున్నాను. మీదకి దలాల్ సైకిల్ చొక్కా. దానికి వీపు వెనకాల మూడు జేబులు. ఫోన్ పెట్టుకోమని దలాల్ చెప్పింది. దారిలో ఆకలేస్తుందేమోనని నేను మూడింటిలోనూ ఖర్జూరాలు కూరేను. ఫోన్ వ్యాన్‌లో ఉండిపోయింది. అద్దంలో చూసుకుంటే, బొబ్బట్లు అమ్మడానికి యుద్ధానికి వెళ్తున్న దానిలా ఉన్నాను.

తొక్కడం మర్చిపోలేదండి, అదొక్కటే చెప్పుకోవాలి. పది బారలు వంకర్లు పోయి, తర్వాత సర్దుకున్నాను. కానీ మా కోనసీమలో ఎత్తు అంటే కాలవ మీద వంతెనే. కువైట్ అయితే అప్పడాల పీట. ఇక్కడ రోడ్డు లేస్తుంది, పడుతుంది, మళ్ళీ లేస్తుంది. నాకు గేర్లు తెలీవు. మా ఊళ్ళో ఉన్నది ఒకటే గేరు, దాని పేరు మోకాలు. అలాగే తొక్కేను. మొదటి గుట్ట సగంలోనే నా ఊపిరి విజిలేసింది. మామా వెనక్కొచ్చి, హ్యాండిల్ దగ్గర మీట ఒకటి నొక్కి చూపించింది. టక్‌మని చైను పక్కకి దూకింది. ఒక్కసారిగా కాళ్ళు కుట్టుమిషన్ తొక్కినట్టు తేలిగ్గా గిరగిరా తిరిగేయి. కాళ్ళు తిరుగుతున్నాయి గానీ సైకిల్ కదలదు! నడిచి వెళ్తున్న గొర్రె ఒకటి నన్ను దాటిపోయింది. అది వెనక్కి తిరిగి కూడా చూసింది.

అలా మధ్యాహ్నం దాకా నడిచింది. భోజనాలు సర్దడానికి పిలార్, దలాల్ వ్యాన్‌లో ముందు ఊరికి వెళ్ళిపోయేరు. మామా నాకంటే కొంచెం ముందుంది. ఒక పెద్ద గుట్ట ఎక్కేక అవతల వైపు దిగుడు మొదలైంది.

దిగుడు నాకు కొత్త. మా రొయ్యల షెడ్డు సైకిల్‌కి బ్రేకులు ఉన్నట్టే ఉండేవి, పనిచేసేవి కావు. చెప్పు నేలకి రాసి ఆపేదాన్ని. అదే అలవాటు. ఇక్కడ వేగం పెరుగుతోంది, చెవుల్లో గాలి ఊదుతోంది, చున్నీ ముడి విడిపోయి వెనకాల జెండాలా లేచింది. కాలు కింద పెట్టబోతే కాలు ఊడొచ్చేలా ఉంది. "అమ్మనాయనో!" అని కళ్ళు మూసేసుకున్నాను. కళ్ళు తెరిచేసరికి రోడ్డు రెండుగా చీలింది. మామా వీపు ఎడమ వైపు కనిపించింది. నేను కుడి వైపు వెళ్ళిపోతున్నాను. పిలిచేను. నా కేక నాకే వినపడలేదు.

ఆ రోడ్డు నన్ను తిన్నగా ఒక ఊళ్ళోకి తీసుకెళ్ళి, రాళ్ళు పరిచిన బజారులో నీళ్ళ తొట్టికి గుద్దించి ఆపింది. ఆ ఊరి పేరు బోర్డు మీద చూసేను గానీ చదవడం నా వల్ల కాలేదు. అడ్డంగా పడ్డాను. మోచెయ్యి గీసుకుంది. ఖర్జూరాలు మూడు జేబుల్లోనూ హల్వా అయిపోయేయి.

ఊళ్ళో పురుగు లేదండి. తలుపులు మూసి, కిటికీలకి తెరలు దించి ఉన్నాయి. కర్ఫ్యూ ఏమో, యుద్ధమేమో అనుకున్నాను. తర్వాత తెలిసింది, ఆ దేశంలో మధ్యాహ్నం అందరూ పడుకుంటారట. ఈ ముక్క ఎవరైనా ముందే చెప్పి ఉంటే, నేను అక్కడే పుట్టేదాన్ని. ఫోన్ లేదు. ఉన్నా మామా నంబరు నాకు రాదు. రెండు పక్కలా సున్నం వేసిన తెల్లటి గోడలు. నా ఊపిరి నాకే వినపడుతోంది. నిజం చెప్తున్నాను, భయమేసింది.

చివరికి ఒక తలుపు తెరుచుకుంది. నల్ల గౌను, తెల్ల జుట్టు, చేతిలో చీపురు, డెబ్బై అయిదేళ్ళుంటాయేమో. చీపురు ఎత్తి, నన్ను చూసి దించేసింది. మోచెయ్యి చూసింది, లోపలికి లాక్కుపోయింది. నీళ్ళతో కడిగి గుడ్డ కట్టింది. గుండె మీద చెయ్యి పెట్టుకుని "ఫెలిసా" అంది. నేనూ గుండె మీద చెయ్యి పెట్టుకుని, సుబ్బాయమ్మ అనాలా సబాహ్ అనాలా తేల్చుకోలేక రెండూ అన్నాను. ఆవిడ నన్ను 'సుబా' అంది.

ఇప్పుడు సంగతి చెప్పాలి కదా. చేత్తో సైకిల్ చూపించి, రోడ్డు చూపించి, ఏడుపు మొహం పెట్టి, "మామా! మామా!" అన్నాను.

ఫెలిసా చెయ్యి నోటి మీదకి వెళ్ళిపోయింది. వాళ్ళ భాషలో మామా అంటే అమ్మేనటండి, కన్నతల్లి. నాకేం తెలుసు? ఎక్కడి నుంచో వచ్చిన ఒక నడివయసు ఆడది, ముసలి తల్లిని దారిలో పారేసుకుని ఏడుస్తోందని ఆవిడకి అర్థమైంది. తలుపు తీసి, వీధిలోకి ఒక్క కేక పెట్టింది. నిద్రపోయే ఊరు మొత్తం లేచొచ్చింది. అందరి మధ్యలో నేను మళ్ళీ "మామా" అన్నాను. అందరూ అయ్యో అన్నారు. ఒకాయన వంగి, చేతిలో కర్ర పట్టుకున్నట్టు నడిచి చూపించి, ఇలా ఉంటుందా అని సైగ చేసేడు. మామా సైకిల్ మీద ముందుకి వంగి తొక్కుతుంది కదా, అదే అడుగుతున్నాడనుకుని "ఓకే, ఓకే" అన్నాను. అంతే. ఇద్దరు ట్రాక్టర్ వేసుకుని, కర్ర పట్టుకుని నడిచే ఎనభయ్యేళ్ళ ముసలమ్మని వెతకడానికి పొలాల మీద పడ్డారు.

నన్ను ఫెలిసా వంటింట్లో కూర్చోబెట్టింది. వంటిల్లు కనపడేసరికి నాకు కాస్త ధైర్యం వచ్చింది. బల్ల మీద గిన్నెలో ఆలివ్ కాయలున్నాయి. కువైట్‌లో వాటిని జైతూన్ అంటాం. నోట్లో మాట ఏదో ఒకటి ఉండాలని, వేలుపెట్టి చూపించి "జైతూన్" అన్నాను. ఆవిడ కళ్ళు పెద్దవి చేసి "అథైతూనా!" అంది. నూనె సీసా చూపించి "జేత్" అన్నాను. "అథైతే!" అంది. అల్మారాలో చిన్న డబ్బా తీసి, మూత విప్పి నా ముక్కు దగ్గర పెట్టింది. కుంకుమపువ్వు. "జఫరాన్" అన్నాను. "అథఫ్రాన్!" అని అరిచి, తలుపు దగ్గర నిలబడ్డ ఆడవాళ్ళందరికీ నన్ను చూపించింది, నేనేదో పరీక్ష పాసైనట్టు. తర్వాత పళ్ళెంలో పండు ఒకటి తీసి, తనే అంది: "నరాంహా." నాకు ఒళ్ళు ఝల్లుమంది. అది అరబ్బీ కూడా కాదండి, మన నారింజ! "నారింజ, నారింజ" అని నేనూ, "నరాంహా, నరాంహా" అని ఆవిడా.

కాకపోతే నేను పలికినవన్నీ తిండి పేర్లే. దాంతో నాకు ఘోరమైన ఆకలిగా ఉందని వాళ్ళు తేల్చేసుకున్నారు. బంగాళాదుంపల అట్టు వచ్చింది, నా అరచెయ్యంత మందం. శనగలు వచ్చేయి. రొట్టె, జున్ను, వెల్లుల్లి నూనెలో వేయించిన మిరపకాయలు. పక్కింటావిడ తేనె తెచ్చింది. ఫెలిసా నా ఎదురుగా కూర్చుని, పళ్ళెం నా వైపు జరిపి, ఏదో అంది. తిను అనే ఉంటుంది. ఆ మాట ఏ భాషలోనైనా ఒకలాగే ఉంటుందనుకుంటాను.

కువైట్ వచ్చిన దగ్గర్నుంచి నేను వడ్డించడమే గానీ, నన్ను కూర్చోబెట్టి ఎదురుగా కూర్చుని తినమన్న మనిషి లేదండి. మామా మంచిదే, కడుపుకి ఎప్పుడూ తక్కువ చెయ్యలేదు. కానీ అందరూ తిన్నాక, నిలబడి, గిన్నెలోంచి తినడం అలవాటైపోయింది నాకు. అట్టు ముక్క నోట్లో పెట్టుకోగానే ఏడుపు తన్నుకొచ్చింది. ఆపుకోలేకపోయేను. పాపం ఆ ఆడవాళ్ళు, తల్లి కోసం ఏడుస్తోందని నా చుట్టూ చేరి వీపు నిమిరేరు. వీపు మీద ఖర్జూరాల హల్వా వాళ్ళ చేతులకి అంటుకుంది. ఏడుస్తున్నాను, అయినా తినడం మాత్రం ఆపలేదండి. నా సంగతి నాకు తెలుసు.

శనగల్లో మాంసం ఉందో లేదో నేను అడగలేదు. మామా కూడా తర్వాత అడగలేదు.

ఇంతలో బయట గోల. చీలిక దగ్గర నేను కనపడకపోయేసరికి మామా వెనక్కి తిరిగిందట. గొర్రెల కాపరి ఒకడు, గులాబీరంగు జెండా వేసుకుని ఒక ఆడది అరుచుకుంటూ ఎగిరిపోయిందని సైగలతో చెప్పేడట. ఆ గుట్టంతా మళ్ళీ తొక్కుకుంటూ వచ్చింది. నేను నోటినిండా అట్టుతో గుమ్మంలోకి పరిగెత్తి "మామా!" అని కేకేసేను.

ఊరంతా మామా వెనకాలకి చూసింది, ముసలమ్మ ఎక్కడా అని.

మామా, ఎవర్నీ ముట్టుకోనివ్వని ఆ సైకిల్‌ని రాళ్ళ మీద పడేసి వచ్చింది. నా భుజం మీద రెండు దెబ్బలు వేసింది. తర్వాత పట్టుకుంది. "చచ్చిపోయేవనుకున్నాను" అంది. "నీ కూతురికి ఫోన్ చేసి ఏం చెప్పను? ఏ మొహంతో చెప్పను?"

నేను ఏదైనా మంచి మాట అనాల్సింది. నోట్లో అట్టు ఉంది. "తిన్నావా మామా?" అన్నాను.

ఈలోగా ఫెలిసాకి కోపం నషాళానికి అంటింది. నడుం మీద చేతులు పెట్టుకుని మామాని తిట్టడం మొదలెట్టింది. మామా ఫోన్ చేస్తే వ్యాన్ వేసుకుని అప్పుడే వచ్చిన పిలార్, ఇంగ్లీషులో చెప్పడానికి నోరు తెరుస్తుంది, నవ్వొచ్చి ఆపేస్తుంది. చివరికి చెప్పింది. "నువ్వేం తల్లివి? పిల్లని వెనకాల వదిలేసి నువ్వు ముందు తొక్కుకుపోతావా? వెనక్కి తిరిగి చూసుకోనక్కర్లేదా?" అందట ఫెలిసా. మా ఇద్దరికీ తేడా ఏడేళ్ళు. అంటే మామా ఏడేళ్ళప్పుడు నన్ను కన్నదన్నమాట. దలాల్ వ్యాన్‌లోంచి ఒంటికాలి మీద దిగి, నవ్వలేక మళ్ళీ కూర్చుండిపోయింది.

మామా నవ్వలేదు. తల వంచుకుని మొత్తం విన్నది. బడిలో ఎంతమందిని తిట్టిందో గానీ, తిట్లు తినడం ఆవిడకి మొదటిసారి అనుకుంటాను. అయ్యేక, ఫెలిసా చెయ్యి పట్టుకుని "నిజమే, తప్పు నాదే" అని అరబ్బీలో అంది. తను నా తల్లి కాదని మాత్రం చెప్పలేదు. పిలార్‌ని కూడా చెప్పనివ్వలేదు. ట్రాక్టర్ వాళ్ళని వెనక్కి పిలవడానికి మాత్రం ఒక మనిషిని పంపించేరు.

ఆ తర్వాత నాలుగు రోజులూ మామా నా వెనకాలే తొక్కింది. అది గౌరవం అనుకుంటే పొరపాటేనండి. వెనకనుంచి "బ్రేకు! బ్రేకు! గేరు! ఎడమకి!" అని ఒకటే అరుపులు. అప్పటిదాకా గుట్టలు మాత్రమే కష్టం అనుకున్నాను. కానీ సాయంత్రాలు ఊళ్ళో బస దొరికేక, నేను వండిందేదో బల్ల మీద పెట్టి నిలబడితే, మామా పక్క కుర్చీ కాలితో బయటికి తోసి "కూర్చో" అనేది. అంతే, ఇంకో మాట ఉండేది కాదు. జహ్రా వచ్చేక ఇంట్లో బల్ల చుట్టూ ఇంటి మనుషులు, చుట్టాలు ఉంటారు, అక్కడ కుదరదు. శుక్రవారాలు మాత్రం కుదురుతుంది, రోడ్డు పక్కన జీపు నీడలో, ఇద్దరం ఒకే డబ్బాలోంచి తింటాం.

ఆయ్, ఇప్పుడు నేనూ తొక్కుతున్నానండి. కువైట్‌లోనే, అబ్దలీ తోటల రోడ్డు మీద, దలాల్ సైకిల్‌తో. మామా తన పాత బూట్లు కూడా ఇచ్చింది. వాటి అడుగున ఇనప బిళ్ళ ఉంటుంది, తొక్కే చోట టక్కున బిగుసుకుంటుంది. దిగాలంటే మడమ పక్కకి తిప్పాలి.

మొన్న శుక్రవారం మామా ఇంకా వెనకాల ఉంది. టమాటాల షెడ్డు దగ్గర నిజామాబాద్ అతను, చిన్నరాజం, పెట్టెలు ఎత్తుతున్నాడు. అప్పుడప్పుడు మాకు దోసకాయలు ఇస్తుంటాడు. నన్ను చూసి పెట్టె దించేసేడు.

"ఏందక్కా, గీ ఏసమేంది? నువ్వేనా తొక్కుతున్నది?"

"నేనే తమ్ముడూ. స్పెయిన్‌లో తొక్కి వచ్చేను" అన్నాను, వీలైనంత మామూలుగా. అతని ముందు ఠీవిగా బ్రేకు వేసి ఆపేను. ఆపేను గానీ, మడమ తిప్పడం మర్చిపోయేను. నిలబడ్డ సైకిల్ నిలబడ్డట్టే, నన్ను మోసుకుంటూ, మెల్లగా, కొబ్బరిచెట్టు కూలినట్టు, టమాటా పెట్టెల మీదకి ఒరిగిపోయింది.

చిన్నరాజం పెట్టెల మీదకి వంగి చూసేడు.

"గట్లనే దిగుతరా అక్కా, దీనిమీంచి?"

"ఆయ్," అన్నాను టమాటాల్లోంచి, "అలాగే దిగుతారు."